నలుపు పక్కన నీలం

బ్రోనెక్ మా గుమ్మం ముందుకు రావడానికి కారణం మా నాన్న మగ్గంలో వదులైన ఒక తాడు.

1947 జూన్. ఆ ఏడు మంచు మార్చి నెలాఖరు దాకా కరగలేదు. లోయలో సగం గొర్రెలు మంచు కిందే ఉండిపోయాయి. ఆ తర్వాత వచ్చిన వేసవి మాత్రం మాకెవరికీ గుర్తులేనంత ఎండ కాసింది. మగ్గం షెడ్డు తలుపు బార్లా తీసిపెట్టి నాన్న నేస్తున్నాడు. కిటికీ పక్కన కూర్చుని నేను రాట్నం మీద కండెలు చుడుతున్నాను. ఉన్నట్టుండి షెడ్డులో వెలుగు తగ్గింది. గుమ్మంలో ఎవరో నిలబడ్డారు.

"ఎడమ వైపు తాడు వదులు," అన్నాడు ఆ మనిషి. పలకరింపు లేదు, పేరు చెప్పడం లేదు.

నాన్న పోగు విసిరే నాడె ఆపాడు. "ఏమన్నావ్?"

"రోడ్డు మీదికి వినపడింది. నాలుగు దెబ్బలు. మూడు బాగున్నాయి. నాలుగోది బోలు."

నాన్న వంగి తొక్కుడు చెక్కల కింద చెయ్యి పెట్టి చూశాడు. ఎడమ చివరి తాడు నిజంగానే అంగుళం సాగి ఉంది. పైకి లేచి ఆ మనిషిని ఎగాదిగా చూశాడు. ఒంటి మీద పాత సైన్యం కోటు, రంగు మార్చి వేసుకున్నది. బూట్లకు సిమెంటు. పై కొండల్లో కడుతున్న కరెంటు ఆనకట్ట దగ్గర గుడారాల్లో ఉండే పోలండు సిపాయిల్లో ఒకడని తెలిసిపోతూనే ఉంది. యుద్ధం అయిపోయినా ఇంటికి వెళ్ళలేక మా దేశంలో మిగిలిపోయినవాళ్ళు.

"మగ్గం నీకెలా తెలుసు?"

"వూచ్. మా ఊరు. అక్కడ కాకులు కూడా మగ్గం తెలిసే పుడతాయి."

నాన్న నవ్వలేదు గానీ, పక్కకు జరిగి చోటిచ్చాడు. అతను కోటు విప్పి మగ్గం కిందికి దూరాడు. వచ్చేటప్పటికి తాడు బిగిసింది, ముక్కు మీద దుమ్ము. అమ్మ తలుపు దగ్గర నిలబడి చూసి, "వాడి పేరైనా అడిగారా, లేక పనైపోయాక పంపించేద్దామనా?" అంది.

అలా బ్రోనెక్ మా ఇంటికి అలవాటయ్యాడు. శనివారం మధ్యాహ్నాలు, పొద్దుగూకని వేసవి సాయంకాలాలు వచ్చేవాడు. ఒకసారి మాత్రం, మా లోయలో ఆదివారం పని చెయ్యకూడదని తెలియక ఆదివారమే వచ్చాడు, చేతిలో సుత్తి, నోట ఈల. అమ్మ గుమ్మంలోనే ఆపేసింది.

"నాయనా, మీ క్యాథలిక్కుల పోపు గారు ఏమీ అనుకోరేమో. మా పాస్టరు గారికి కొండ అవతల ఈల వేసినా వినపడుతుంది. సుత్తి అక్కడ పెట్టు. లోపలికొచ్చి జావ తాగి నోరు మూసుకుని కూర్చో."

అతను అలాగే కూర్చున్నాడు. ఆ మధ్యాహ్నమంతా నాన్న బైబిలు చదివాడు. అతనికి ముక్క అర్థమై ఉండదు. అయినా వెళ్ళేటప్పుడు, "ఇంట్లో కూర్చున్నట్టు ఉంది," అన్నాడు అమ్మతో. ఆ తర్వాత అమ్మ ఒక గిన్నె అతని పేర వేరే పెట్టేసింది.

మా నాన్న మర్డో గిల్లాండర్స్‌ది ఏడు తరాల నేతపని. తువ్వాళ్ళు, దుప్పట్లు ఎవరడిగినా నేసేవాడు. మా ఇంటిపేరుకు గుర్తుగా ఉండే గళ్ళ బట్ట, టార్టాన్, మాత్రం గిల్లాండర్స్ పేరున్న వాళ్ళకే. దాన్ని నేసేటప్పుడు నన్ను మగ్గం బల్ల ఎక్కనిచ్చేవాడు కాదు. దుప్పట్లు నేనూ నేసేదాన్ని, ఇరవై మూడేళ్ళదాన్ని, అయినా సరే. అది తండ్రి నుంచి కొడుక్కి వెళ్ళేది. ఆ కొడుకు, మా అన్న యూవెన్, 1940లో ఫ్రాన్సులో చనిపోయాడు.

ఆ జులైలో వేటబంగ్లాకు వచ్చిన లండను దొరసాని ఒకావిడ కుర్చీలకు తొడుగులు కావాలని వచ్చింది. నాన్న చాలా మర్యాదగా అడిగాడు.

"మీ పుట్టింటి పేరేమిటమ్మా?"

ఆవిడ చెప్పింది.

"అయితే కుదరదండీ."

"కుర్చీలకే కదండీ."

"కుర్చీకైనా ఇంటిపేరు ఉండాలి కదమ్మా."

ఆవిడ కారు వెళ్ళిపోయాక బ్రోనెక్ అడిగాడు. "ఎందుకివ్వరు? బట్టే కదా."

నాన్న ఇంట్లోకి వెళ్ళి, ఓట్స్ పిండి పెట్టె అడుగు నుంచి ఒక కర్ర తెచ్చాడు. మూరెడు పొడుగు. దాని మీద రంగు నూలు పోగులు వరసగా చుట్టి ఉన్నాయి, పాతబడి దాదాపు ఒకే రంగుకు తిరిగినవి.

"రెండొందల ఏళ్ళ కిందట రాజుతో యుద్ధంలో ఓడిపోయాక మా కొండవాళ్ళు ఈ గళ్ళు కట్టకూడదని రాజు చట్టం చేశాడు. ముప్పై ఆరేళ్ళు. కట్టినవాణ్ణి జైల్లో వేశారు, ఓడ ఎక్కించి దేశం దాటించారు. ఆ ముప్పై ఆరేళ్ళూ మా వాళ్ళు ఈ కర్రను పిండిలో దాచారు. ఏ రంగు పక్కన ఏ రంగు, ఎన్ని పోగులు, అంతా దీని మీదే ఉంది. కాగితం మీద ఎప్పుడూ రాయలేదు."

"అందులో ఆ నలుపు ఎందుకొచ్చిందో కూడా చెప్పు," అంది అమ్మ గిన్నెలు తోముతూ. "మీ మూలపురుషుడికి నీలం నూలు అయిపోయింది. రంగు వేసే ఓపిక లేక నల్ల గొర్రె ఉన్ని పెట్టి నేసేశాడు. మా అత్తగారు చచ్చిపోయే ముందు నాకు చెప్పింది."

"ఎఫీ," అని అమ్మను ఆపబోయాడు నాన్న.

"నేనేమన్నాను? బాగానే ఉందిగా నలుపు."

బ్రోనెక్ కర్రను పట్టుకోలేదు. వంగి చూశాడంతే. "మాకు పరాయి రాజులు మా భాషనే వద్దన్నారు," అన్నాడు. "మా అమ్మమ్మ పిండి పెట్టెలో పుస్తకం దాచింది. అక్షరాల పుస్తకం." మళ్ళీ కర్ర వైపే చూస్తూ, "ఇప్పుడు నా కూతురు అందులోనే చదువుకుంటుందేమో. బతికి ఉంటే," అన్నాడు.

అతనికి భార్య ఉందనీ, కూతురు ఉందనీ మాకు అప్పుడే తెలిసింది. భార్య వాండా. కూతురు ఇరెనా. 1939లో అతను సైన్యంలోకి వెళ్ళేటప్పటికి పిల్లకు ఏడాదిన్నర. ఆ తర్వాత ఏ కబురూ లేదు. రెడ్ క్రాసుకు పదకొండు ఉత్తరాలు రాశాడట.

ఇక నా సంగతి. రెండేళ్ళుగా నేనొక పని గుట్టుగా చేస్తున్నాను. నాన్న కళ్ళకు పొరలు కమ్ముతున్నాయి. ఎరుపు, తెలుపు తెలుస్తాయి. ముదురు నీలం, నలుపు, ముదురు పచ్చ, ఈ మూడూ ఆయనకు ఒకటిగానే కనపడుతున్నాయి. ఆయన చెప్పలేదు. నేను అడగలేదు. కండెలు చుట్టాక వాటిని ఆయన చేతికి అందే పలక మీద, కావలసిన వరసలో పెట్టేదాన్ని. ఆయన చెయ్యి చాపితే సరైన రంగే తగిలేది. పడుగుకు నిలువు పోగులు వరస కట్టి ఆసు పోసేటప్పుడూ అంతే, పక్కన నిలబడి నూలు చిలపలు అందించేదాన్ని. చూసేవాళ్ళకు కూతురు సాయం చేస్తోందనే అనిపించేది.

ఆగస్టు చివరి శనివారం మా లోయలో ఆటల పండగ. యుద్ధం తర్వాత మొదటిది. అదే రోజు చర్చి దగ్గర రాతి మీద చెక్కించిన, యుద్ధంలో పోయిన తొమ్మిది మంది పేర్ల ముందు బ్యాండు వాయించాలి. ఆ తొమ్మిదిలో మా యూవెన్ పేరు మూడోది. బ్యాండులో తోలుతిత్తి పైపులు ఊదేవాళ్ళు ఆరుగురు, ఆరుగురూ గిల్లాండర్సులే. నడుముకు చుట్టుకునే వాళ్ళ పాత కుచ్చుల కిల్టులు యుద్ధం అయ్యేలోపు చిమ్మెటల పాలయ్యాయి. కొత్త వాటికి నాన్న మాటిచ్చాడు. ఆరు కిల్టులంటే నలభై ఎనిమిది గజాల బట్ట. ఉన్ని కరువు రోజులు. అమ్మ మూడేళ్ళు కూడబెట్టి వాగొడ్డున ఇనప కాగుల్లో రంగు వేసిన నూలు సరిగ్గా దానికే సరిపోతుంది. తప్పయితే మళ్ళీ నేయడానికి లోయలో నూలు లేదు.

జులై నెలాఖరులో మా పిన్ని గడ్డి కోతకు మనిషి కావాలని కబురు పెట్టింది. మూడు రోజులు వెళ్ళాను. నేను వచ్చేదాకా ఆగమని నాన్నకు చెప్పి ఉండాల్సింది. కానీ ఎందుకు ఆగాలో చెప్పకుండా ఆగమని ఎలా చెప్పను?

బుధవారం తిరిగొచ్చేసరికి ఆయన ఒక్కడే ఆసు పోసి, పడుగు మగ్గానికి ఎక్కించి, అడుగు మేర నేసేశాడు కూడా. చాలా సంతోషంగా ఉన్నాడు. "చూశావా, నువ్వు లేకపోయినా పని ఆగలేదు," అన్నాడు. కిటికీ వెలుగు పక్కనుంచి పడుతోంది. ఎడమ నుంచి నాలుగో గడిలో, ఇరవై నల్ల పోగులు ఉండాల్సిన చోట ఇరవై నీలం పోగులు ఉన్నాయి.

నేను రాట్నం దగ్గర కూర్చుని కండె చుట్టడం మొదలుపెట్టాను.

గురువారం ఏమీ అనలేదు. శుక్రవారం ఏమీ అనలేదు. శనివారం బ్రోనెక్ వచ్చాడు, మగ్గం మీదికి వంగాడు, వేలు పెట్టి చూపించాడు.

"ఇక్కడ నలుపు రావాలి కదా. ఇది నీలం."

నాన్న ఆ పోగుల మీద ముఖం పెట్టినంత దగ్గరగా వంగాడు. లేచి కిటికీ వైపు తిరిగి మళ్ళీ వంగాడు.

"బయటికి పో," అన్నాడు అతనితో.

బ్రోనెక్ కోటు తీసుకుని వెళ్ళిపోయాడు. నాన్న నా వైపు తిరిగాడు.

"నువ్వు చూశావా?"

"చూశాను."

"ఎప్పుడు?"

"బుధవారం."

ఆయన తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. నాడెను పడుగు మీద పడుకోబెట్టి, నా పక్కనుంచే నడిచి వెళ్ళిపోయాడు. దారిలో తలుపు చెక్క తగిలింది. ఏడు తరాలుగా అక్కడే ఉన్న తలుపు.

నాలుగు రోజులు మగ్గం మోగలేదు. నాన్న వాగొడ్డున రాతి మీద కూర్చునేవాడు. తిండికి పిలిస్తే వచ్చి, తిని, వెళ్ళిపోయేవాడు. బ్యాండు పెద్ద హెక్టర్ బాబాయి బట్ట సంగతి అడగడానికి వస్తే అమ్మ గుమ్మం దాటనివ్వలేదు. "నేత అవుతోంది, పో," అంది. ఐదో రోజు పొద్దున్నే నెత్తికి గుడ్డ కట్టుకుని, మజ్జిగ డబ్బా పట్టుకుని ఆనకట్ట దారి పట్టింది. పోనూ రానూ తొమ్మిది మైళ్ళు. సాయంత్రం బ్రోనెక్‌ను వెంటబెట్టుకుని వచ్చింది.

"నేనే పిలిచాను," అంది నాన్నతో. "తిట్టాలంటే నన్ను తిట్టు. ముందు కూర్చో."

నాన్న కూర్చోలేదు. లోపలికి వెళ్ళి పిండి పెట్టె మూత తీసిన చప్పుడు వినపడింది. కర్ర తెచ్చాడు. దాన్నుంచి పిండి రాలుతోంది. షెడ్డులో బ్రోనెక్ ముందు నిలబడ్డాడు.

"నువ్వన్నది నిజం. నాకు కనపడదు. యూవెన్ లేడు. నీకు మగ్గం తెలుసు, నీ చేతులు మంచివి. ఇంటి బయటివాడికి ఈ లెక్క ఎప్పుడూ చెప్పలేదు. నీకు చెబుతాను. బ్యాండు బట్ట నువ్వు నెయ్యి."

నేను అక్కడే, రాట్నం దగ్గరే ఉన్నాను. చక్రం తిప్పుతూనే ఉన్నాను, ఆపితే ఏడుపు వస్తుందని. ఆయన నన్ను మరిచిపోయాడని కాదు. గుర్తుకొచ్చేంత దూరంలో ఎప్పుడూ లేను, అంతే. రాట్నం ఎలాగో నేనూ అలాగే.

బ్రోనెక్ రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

"నాకు చెప్పొద్దు."

"ఎందుకు?"

"నేను వెళ్ళిపోయేవాణ్ణి. పైగా ఈ ఇంట్లో తెలిసినవాళ్ళు ఉన్నారు." మాటలు వెతుక్కుంటూ మెల్లగా చెప్పాడు. "రెండు నెలలుగా చూస్తున్నాను. మీరు చెయ్యి చాపుతారు. నీలం కావాలంటే నీలం ఉంటుంది. నలుపు కావాలంటే నలుపు ఉంటుంది. మీరు అడగరు. ఆమె అడగదు. లెక్క తెలియకపోతే అలా పెట్టలేరు."

నాన్న నా వైపు చూడలేదు. కర్రను చూస్తూనే, "చెప్పు," అన్నాడు.

నేను చక్రం ఆపాను. "నీలం ఇరవై రెండు. నలుపు ఆరు. నీలం ఆరు. నలుపు ఇరవై. పచ్చ ఇరవై నాలుగు. ఎరుపు రెండు. అక్కడి నుంచి మళ్ళీ వెనక్కి."

ఆయన బొటనవేలు కర్ర మీద పోగు పోగు జరుగుతూ నా మాటల వెంటే వచ్చింది. ఎరుపు దగ్గర ఆగింది.

"ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు. తొమ్మిదేళ్ళప్పటి నుంచి కండెలు నేనే అందిస్తున్నాను కదా."

ఆయన కర్రను కిటికీ గట్టు మీద పెట్టాడు. మగ్గం దగ్గరికి వెళ్ళి బల్ల తడిమాడు.

"ఇది నా ఎత్తుకు ఉంది. నీకు కాళ్ళు అందవు. రెండంగుళాలు దించాలి," అన్నాడు. తర్వాత బ్రోనెక్‌తో, "ఆ సుత్తి ఇటివ్వు," అన్నాడు.

అప్పటిదాకా నేసిందంతా విప్పేశాం. ఆ ఇరవై నీలం పోగులు కత్తిరించి, వాటి చోట నల్ల పోగులు ఒక్కొక్కటే ఎక్కించాం. పడుగు దూలానికి చుట్టడానికి వీలుకాని ఆ కొత్త పోగుల్ని బ్రోనెక్ మగ్గం వెనక వేలాడదీసి, బరువుకు నీళ్ళు నింపిన సీసా కట్టాడు. "వూచ్‌లో అందరూ ఇలాగే చేస్తారు, యజమాని చూడనప్పుడు," అన్నాడు. ఆ తర్వాత పద్నాలుగు రోజులు నేశాను. నాన్న పక్కన ముక్కాలిపీట వేసుకుని, నేసిన బట్ట మీద అరచెయ్యి పెట్టి కూర్చునేవాడు. దెబ్బ గట్టిగా పడితే, "అంత కోపం దేనికి," అనేవాడు. మెత్తగా పడితే, "నిద్రొస్తోందా," అనేవాడు.

మూడో రోజో నాలుగో రోజో అన్నాడు. "కండెలు నువ్వు వరసలో పెడుతున్నావని నాకు తెలుసు. మొదటి నుంచీ."

"మరి చెప్పలేదేం నాన్నా?"

"నువ్వు చెప్పావా?"

నేను నాడె విసిరాను.

పండగనాడు ఆరుగురూ కొత్త కిల్టులతో చర్చి దారి వెంట ఊదుకుంటూ వచ్చారు. రాయి ముందు ఆగారు. పేర్లు చదివారు. మూడో పేరు దగ్గర అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది, తొమ్మిదో పేరు దాకా వదల్లేదు. అంతా అయ్యాక నాన్న హెక్టర్ బాబాయి దగ్గరికి వెళ్ళి, వంగి అతని కిల్టు అంచు రెండు వేళ్ళ మధ్య పట్టుకున్నాడు.

"బిగువు బాగుంది," అన్నాడు.

"నీ చేతి పని నాకు తెలియదా మర్డో," అన్నాడు బాబాయి.

"నాది కాదు. ఇష్‌బెల్ నేసింది."

వాన వచ్చేలా ఉందని చెప్పినట్టే చెప్పాడు. బాబాయి నా వైపు చూశాడు, తన కిల్టు వైపు చూసుకున్నాడు, టోపీ సర్దుకున్నాడు. ఆ రోజు నుంచి లోయలో వాళ్ళు బట్టకోసం వస్తే, గుమ్మంలో నిలబడి నన్ను పిలిచేవారు. అలా నలభై ఒక్క ఏళ్ళు పిలిచారు.

సెప్టెంబరు రెండో వారంలో బ్రోనెక్‌కు ఉత్తరం వచ్చింది. దాన్ని పట్టుకుని మా ఇంటికి వచ్చాడు, అప్పటికే మడతల దగ్గర చిరిగేంతగా చదివేశాడు. నిలబడే చెప్పాడు. వాండా మూడేళ్ళ కిందట చలికాలంలో జబ్బుచేసి పోయింది. పిల్ల ఉంది. వూచ్‌లో వాండా చెల్లెలి దగ్గర పెరుగుతోంది. బడికి వెళుతోంది.

అమ్మ అతన్ని కుర్చీలో కూర్చోబెట్టింది. గుడారంలో వాళ్ళంతా వెళ్ళొద్దంటున్నారట, ఇప్పుడక్కడ రాజ్యం మారింది, ఇక్కడి సైన్యంలో పనిచేసినవాళ్ళను బతకనివ్వరని. లీత్ రేవు నుంచి పోలండుకు ఓడ పదిరోజుల్లో ఉంది. పేరు రాయించి వచ్చాడు.

నాన్న అంతా విని, "పిల్ల ఎంత పొడుగుంటుంది?" అని అడిగాడు.

బ్రోనెక్ చెయ్యి చాపి చూపించాడు. అది తన మోకాలి దగ్గర ఆగింది. అతనే తన చేతిని చూసుకున్నాడు. ఆ చెయ్యి మెల్లగా పైకి లేచింది, ఎక్కడ ఆగాలో తెలియక నడుము దగ్గర గాల్లో ఊగింది.

"తొమ్మిది దాటి ఉంటాయి కదూ," అన్నాడు నాన్న. "ఇష్‌బెల్, పోస్టాఫీసు మన్రో వాళ్ళ పిల్లను పిలుచుకురా. బ్యాండు బట్టలో చివర ఎంత మిగిలింది?"

"రెండు గజాలు పైనే."

"సరిపోతుంది."

అమ్మ టేపు తీస్తూ అడిగింది. "ఇంటిపేరు కనుక్కోవా మరి?"

నాన్న వినపడనట్టు పొయ్యి వైపు తిరిగాడు.

మన్రో వాళ్ళ డోలీనాను బల్ల మీద నిలబెట్టి అమ్మ నడుము, పొడుగు కొలిచింది. "ఎవరికి? నాకా?" అని అడిగింది ఆ పిల్ల. నీకు కాదు, సముద్రం అవతల పిల్లకు అంటే, "ఆ పిల్ల నాలాగే ఉంటుందా?" అంది. బ్రోనెక్ ఆ పిల్లను తదేకంగా చూస్తున్నాడు, పరీక్షకు చదువుకుంటున్నట్టు. "తెలీదు," అన్నాడు. "నువ్వు కాసేపు అలాగే నిలబడు."

అమ్మ మూడు రోజుల్లో కుట్టింది. అతను వెళ్ళే పొద్దున ఒక గుడ్డలో చుట్టి ఇచ్చింది. అతను విప్పాడు. నీలం, నలుపు, పచ్చ, నడుమ సన్నటి ఎరుపు. చిన్న కిల్టు, కుచ్చులు అన్నీ అమర్చినట్టు ఉన్నాయి.

"కొలత మనకు సరిగ్గా తెలీదు కదా," అంది అమ్మ. "అందుకని అంచు లోపల మూడు మడతలు పెట్టాను. పిల్ల ఎదిగినప్పుడల్లా వాళ్ళ పిన్నిని ఒక్కోటి విప్పమను. పద్నాలుగేళ్ళ దాకా వస్తుంది."

అతను అంచు తిరగేసి ఆ మడతలు ఒక్కొక్కటే వేలితో తడిమాడు.

"మూడూ నేనే విప్పుతాను," అన్నాడు.